ఖరీదైన వాచీ: దాచుకోవాలా, మార్చుకోవాలా?

పూర్వం మన ఇళ్లలో ఈ ప్రశ్నే పుట్టేది కాదు. 1960లు, 70లలో చాలా తెలుగు కుటుంబాల్లోకి మొదటి వాచీ పెళ్లితోనే వచ్చింది. సైకిలు, రేడియో, వాచీ అల్లుడికి పెట్టే లాంఛనాలు. మామూలు ఇంట్లో హెచ్‌ఎంటీ, కాస్త కలిగిన ఇంట్లో ఫేవర్-లూబా. అద్దం గీతలు పడితే అద్దం మార్చేవారు, పట్టీ తెగితే పట్టీ మార్చేవారు. వాచీనే మార్చాలన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. వచ్చినా, వాడిన వాచీని మంచి ధరకు తీసుకునేవాడు దొరికేవాడు కాదు.

ఇప్పుడు తీసుకునేవాళ్లు ఉన్నారు. పెద్ద బోనస్ అందినప్పుడో, నలభయ్యో పుట్టినరోజుకో మూడు లక్షలో పది లక్షలో పోసి స్విస్ వాచీ కొంటున్న తెలుగువాళ్లు హైదరాబాద్‌లోనూ ఉన్నారు, డాలస్‌లోనూ ఉన్నారు. పాత వాచీలను పరీక్షించి, గ్యారంటీ ఇచ్చి అమ్మే వ్యాపారం కూడా పెరిగింది. కార్టియర్ యజమాని అయిన రిష్‌మాంట్ 2018లో వాచ్‌ఫైండర్ అనే పాత వాచీల కంపెనీని కొన్నది. 2022 డిసెంబరులో రోలెక్స్ తన పాత వాచీలకు తనే ధ్రువీకరణ ఇచ్చే పథకం మొదలుపెట్టింది. మన దేశంలో ఈథోస్ సంస్థ కొత్త వాచీలతో పాటు పాతవీ అమ్ముతోంది. కొన్నది అమ్ముకోవడానికి, అమ్మి మరొకటి కొనుక్కోవడానికి దారి ఏర్పడింది.

దారి ఉన్నంత మాత్రాన నడవాలని లేదు. కొన్న వాచీని పిల్లలకు ఇచ్చేదాకా పెట్టుకోవాలా? మోజు తీరగానే అమ్మి మరొకటి తెచ్చుకోవాలా? ఈ రెంటికీ అసలు ఖర్చు ఎంతో లెక్క వేస్తే జవాబు చాలావరకు దానంతట అదే తేలుతుంది.

‘తరతరాల వాచీ’ ఎప్పుడు పుట్టింది?

వాచీ అంటే వారసత్వ సంపద అనే మాట అనాదిగా ఉన్నది కాదు. 1969 డిసెంబరు 25న జపాన్‌లో సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ వాచీని అమ్మకానికి పెట్టింది. ధర 4,50,000 యెన్లు. ఆ రోజుల్లో ఆ డబ్బుకు అక్కడ చిన్న కారు వచ్చేది. పదేళ్లు తిరిగేసరికి క్వార్ట్జ్ ధర నేలకు దిగింది. బ్యాటరీతో నడిచే చవక వాచీ, కీ ఇచ్చి తిప్పే ఖరీదైన స్విస్ వాచీ కన్నా కచ్చితంగా సమయం చెప్పసాగింది. స్విట్జర్లాండ్‌లో 1970లో సుమారు 90,000 మంది చేసే పరిశ్రమ 1980ల మధ్యకల్లా మూడో వంతుకు కుంగిపోయింది. మన దేశంలోనూ అదే కథ. జపాన్ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టిన ప్రభుత్వరంగ హెచ్‌ఎంటీని, 1987లో క్వార్ట్జ్ వాచీలతో బజారుకు వచ్చిన టైటాన్ వెనక్కి నెట్టింది. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది.

టైము చెప్పడంలో ఓడిపోయిన మెకానికల్ వాచీకి బతకడానికి మరో కారణం కావలసి వచ్చింది. అందం, చేతిపని, హోదా, వారసత్వం ఆ కారణాలయ్యాయి. జెనీవాలో 1839లో మొదలైన పటేక్ ఫిలిప్ 1996లో తండ్రీకొడుకుల ఫొటోలతో ఒక ప్రచారం ఎత్తుకుంది. వాచీకి నువ్వు యజమానివి కావు, తర్వాతి తరం కోసం కాపాడేవాడివి మాత్రమే అన్నది దాని సారం. వాచీల వ్యాపారంలో అంతగా పనిచేసిన ప్రకటన మరొకటి కనిపించదు. కొనేవాడి మనసులో ఖర్చు అన్న భావం పోయి బాధ్యత అన్న భావం వచ్చింది. కనుక షాపులో కూర్చున్నప్పుడు ‘ఇది మా అబ్బాయికి’ అనిపిస్తే, ఆ ఆలోచనలో మీ ప్రేమ ఎంతో, కంపెనీ ప్రచారం ఎంతో ఒకసారి విడదీసి చూసుకోవాలి.

నిజంగా అన్నేళ్లు నడుస్తుందా?

నడుస్తుంది, కానీ ఊరికే నడవదు. కీ ఇచ్చినప్పుడు లోపల చుట్టుకున్న స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ పళ్ల చక్రాలను తిప్పుతుంది. చివర ఉన్న బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ శక్తిని సమానమైన ముక్కలుగా వదులుతుంది. ఈనాటి చాలా వాచీల్లో ఈ కొట్టుకోవడం గంటకు 28,800 సార్లు, అంటే సెకనుకు ఎనిమిది. ఏడాదికి పాతిక కోట్లు దాటుతుంది. ఇరుసుల దగ్గర పెట్టిన నూనె కాలంతో చిక్కబడుతుంది, ఆరిపోతుంది. అప్పుడు ఇరుసులు రాసుకుని అరుగుతాయి. నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు వలయాలు గట్టిపడతాయి. అందుకే సర్వీసింగ్ తప్పదు. ఒమేగా అయిదు నుంచి ఎనిమిదేళ్లకు ఒకసారి అంటుంది, రోలెక్స్ దాదాపు పదేళ్లు అంటుంది. బ్యాంకు లాకర్లో పెట్టి ముట్టుకోకపోతే అరుగుదల ఆగుతుంది గాని నూనె పాతబడడం ఆగదు.

కంపెనీ సర్వీసింగ్‌కు మామూలు మోడల్‌కే పదుల వేల రూపాయలు పోతాయి. క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచీ కూడా ఉన్న వాచీ) లాంటి చిక్కు యంత్రాలకు ఇంకా ఎక్కువ. ఊరి బజారులో కంటికి లెన్సు బిగించుకుని హెచ్‌ఎంటీని గంటలో విప్పి శుభ్రం చేసే పెద్దాయనకు నైపుణ్యం ఉండవచ్చు. కానీ చాలా స్విస్ కంపెనీలు విడిభాగాలను బయటి రిపేరువాళ్లకు అమ్మవు. వాచీ ఆయుష్షు వాచీలోనే కాదు, విడిభాగాలు దాచిపెట్టేవాళ్ల చేతిలో కూడా ఉంది.

దీనికి జెనిత్ కంపెనీ కథ మంచి సాక్ష్యం. 1969లో అది ఎల్ ప్రిమెరో అనే ఆటోమేటిక్ క్రోనోగ్రాఫ్ యంత్రం తెచ్చింది. క్వార్ట్జ్ తాకిడికి 1975లో అమెరికా యజమానులు మెకానికల్ తయారీ ఆపేయమన్నారు. షార్ల్ వెర్మో అనే ఉద్యోగి ఆ యంత్రం తాలూకు నమూనాలు, పనిముట్లు, కాగితాలు ఫ్యాక్టరీ అటకమీద దాచేశాడు. అవి మిగిలాయి గనుకే 1980లలో ఎల్ ప్రిమెరో మళ్లీ తయారైంది. 1988లో రోలెక్స్ తన డేటోనా వాచీలో వాడినది ఆ యంత్రాన్నే. కంపెనీ బతికి, భాగాలు దొరికితేనే మీ మనవడి చేతిలో వాచీ నడుస్తుంది. 1839 నుంచి తాను చేసిన ఏ వాచీనైనా బాగుచేస్తానని పటేక్ ఫిలిప్ చెబుతుంది. అలా చెప్పగల కంపెనీలు కొద్ది. నిన్నగాక మొన్న పుట్టిన బ్రాండు వాచీని ‘జీవితకాలానికి’ అని కొనేముందు ఈ సంగతి ఆలోచించాలి.

ధర పెరుగుతుందన్న ఆశ

దాచుకోమనేవాళ్లు తప్పక చెప్పే కథ పాల్ న్యూమన్ డేటోనా. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కు 1960ల చివర ఆయన భార్య, నటి జోవాన్ వుడ్‌వర్డ్ ఒక రోలెక్స్ డేటోనా కొనిచ్చింది. కారు పందాల్లో జాగ్రత్తగా నడపమని వెనక చెక్కించింది. 1984లో న్యూమన్ దాన్ని కూతురి స్నేహితుడికి ఇచ్చేశాడు. 2017 అక్టోబరులో న్యూయార్క్‌లో ఫిలిప్స్ వేలంలో అది 1.77 కోట్ల డాలర్లు పలికింది. కథ నిజమే. న్యూమన్ వాచీ లాంటి డయల్ ఉన్న డేటోనాలు వచ్చిన కొత్తలో షాపుల్లో అమ్ముడుపోక పడి ఉండేవన్నదీ నిజమే. వాటిలో ఏది ముందు ముందు కోట్లు పలుకుతుందో ఆనాడు అమ్మేవాడికీ తెలియదు, కొనేవాడికీ తెలియదు. పైగా ఆ ధరలో పెద్ద వాటా న్యూమన్ చేతిది. మన చేతికి ఆ వెల రాదు.

ఇంకో ఉదాహరణ చూద్దాం. అమెరికా బ్యాంకరు హెన్రీ గ్రేవ్స్ చేయించుకున్న పటేక్ ఫిలిప్ జేబు గడియారం 1933లో ఆయన చేతికి అందింది. ప్రపంచంలో అత్యంత ప్రసిద్ధ గడియారాల్లో అదొకటి. 1999లో వేలంలో సుమారు 1.1 కోట్ల డాలర్లు, 2014లో మళ్లీ వేలంలో సుమారు 2.4 కోట్ల డాలర్లు పలికింది. చూడ్డానికి రెట్టింపు దాటింది. కానీ పదిహేనేళ్లకు లెక్క కడితే ఏడాదికి అయిదు శాతం పైచిలుకు మాత్రమే. వేలం కమిషన్లు, బీమా, భద్రత ఖర్చు ఇంకా తీయలేదు. రాజు లాంటి వాచీకే అంత రాబడి అయితే మామూలు ఉక్కు వాచీ మీద పెట్టుబడి కలలు కనడం ఎందుకు?

మన లెక్కలో చెప్పుకుంటే, అయిదు లక్షలు ఏడాదికి ఏడు శాతం చక్రవడ్డీతో ముప్పై ఏళ్లు ఉంటే దాదాపు 38 లక్షలవుతుంది. ఆ డబ్బుతో వాచీ కొంటే, ముప్పై ఏళ్ల తర్వాత అది 38 లక్షలు పలికితేనే సరికి సరి. మధ్యలో మూడు నాలుగు సర్వీసింగులు అదనం. కొద్ది మోడళ్లు ఆ గీత దాటవచ్చు, అత్యధికం దాటవు.

పెరిగిన ధర నిలుస్తుందన్న హామీ కూడా లేదు. కోవిడ్ కాలంలో చేతిలో డబ్బు, ఇంట్లో తీరిక ఉన్నవాళ్లు వాచీల మీద పడ్డారు. పటేక్ ఫిలిప్ నాటిలస్ 5711 మోడల్ తయారీని 2021లో ఆపేశాక పాత సరుకు ధర షాపు ధరకు ఎన్నో రెట్లు ఎగిరింది. ఆ మోడల్‌లోనే టిఫనీ నీలం డయల్ ఉన్న ఒక వాచీ 2021 డిసెంబరులో 65 లక్షల డాలర్లకు పోయింది. 2022 తొలి నెలల్లో శిఖరం తాకిన ఈ ధరలు తర్వాత రెండేళ్లకు పైగా జారుతూ వచ్చాయి. ధర శిఖరాన ఉన్నప్పుడు కొన్నవాళ్లలో చాలామందికి ఇప్పుడు దాచుకోవడం ఇష్టంతో చేస్తున్న పని కాదు, అమ్మితే నష్టం గనుక తప్పక చేస్తున్న పని.

మార్పిడికి పడే సుంకం

అలాగని మారుస్తూ పోవడం తెలివైన పనా? అక్కడా లెక్క ఉంది. కొత్త వాచీ బిల్లులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది. మీరు అమ్మేటప్పుడు ఆ పన్ను మీకు తిరిగి రాదు. కొనే వ్యాపారి దాన్ని శుభ్రం చేయించి, గ్యారంటీ ఇచ్చి, లాభం వేసుకుని అమ్మాలి గనుక మీ దగ్గర తక్కువకే తీసుకుంటాడు. గిరాకీ బాగా ఉన్న కొద్ది మోడళ్లను పక్కన పెడితే, షాపు గడప దాటిన వాచీ విలువ గణనీయంగా పడిపోతుంది.

ప్రతి మార్పిడిలో పాతిక శాతం పోతుందనుకుందాం. మూడు లక్షలతో మొదలుపెట్టి ఒకసారి మారిస్తే చేతిలో మిగిలేది 2,25,000 విలువ. రెండోసారికి దాదాపు 1,69,000. మూడోసారికి 1,27,000 కూడా నిండదు. కొత్తది కొన్న ప్రతిసారీ జేబులోంచి కొంత కలుపుతాం గనుక ఈ నష్టం కంటికి ఆనదు. నాలుగైదేళ్లలో మూడుసార్లు మార్చినవాడు నిజానికి వాచీలు కొనడం లేదు, అద్దెకు తీసుకుంటున్నాడు.

అద్దె కట్టడం తప్పేమీ కాదు. తెలిసి కడితే దాని ఫలం దానికి ఉంది. వాచీ రుచి ఫొటోలు చూస్తే పట్టుబడదు. 44 మిల్లీమీటర్ల వాచీ అద్దాల అల్మారాలో ఠీవిగా ఉంటుంది, సన్నని మణికట్టు మీద పళ్లెంలా ఉంటుంది. నల్ల డయల్ కావాలనుకున్నవాడు ఏడాది వాడాక తెల్లదే తనదని తెలుసుకుంటాడు. ఉక్కు గొలుసు మన ఎండల్లో చెమటకు హాయి, తోలు పట్టీ ఒక్క వేసవిలో పాడవుతుంది. ఇవన్నీ పెట్టుకుంటేనే తెలుస్తాయి. ఈ నేర్చుకోవడం తక్కువ ధరలో జరగాలి, అదీ పాత వాచీలతో జరగాలి. మొదటి యజమాని పెద్ద నష్టం భరించేశాక కొంటే, తర్వాత మీరు అమ్మినప్పుడు పోయేది తక్కువ. చదువుకు ఫీజు కట్టక తప్పదు, అది ఎంత ఉండాలో మన చేతిలో ఉంది.

అమ్మినా దాచినా విలువ నిలిపేవి

రెండు దారులకూ పనికొచ్చే జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. బిల్లు, గ్యారంటీ కార్డు, పెట్టె, సర్వీసు రసీదులు ఒకచోట ఉంచాలి. కాగితాలు లేని వాచీ అసలుదే అయినా అమ్మేటప్పుడు అనుమానం కిందనే నిలబడుతుంది. సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు పాలిష్ పెట్టవద్దని రాసివ్వాలి. మెరుగు పెట్టిన ప్రతిసారీ లోహం కొంత పోతుంది, అంచుల పదును పోతుంది. పాత వాచీ డయల్ మార్చనివ్వకూడదు. రంగు తేలిన అసలు డయల్‌కు ఉన్న విలువ తళతళలాడే కొత్త డయల్‌కు ఉండదు.

ఈ చివరి మాట మన దేశంలో మరీ ముఖ్యం. రంగు మళ్లీ వేసిన డయళ్లు, నాలుగు వాచీల భాగాలు కలిపి కూర్చిన హెచ్‌ఎంటీలు, ఫేవర్-లూబాలు, పాత సీకోలు విరివిగా అమ్ముడవుతున్నాయి. వీటికి విదేశీ సేకరణదారులు పెట్టిన పేరు ‘ముంబై స్పెషల్’. ఎర్ర డయలో, నీలం డయలో కొత్తగా మెరుస్తూ రెండు మూడు వేలకు దొరికే యాభై ఏళ్ల వాచీని చూసి ముచ్చటపడి పెట్టుకోవచ్చు. దాచితే విలువ పెరుగుతుందని మాత్రం కొనకూడదు.

పన్నులు, సరిహద్దులు

మన దేశంలో స్విస్ వాచీల మీద 20 శాతం దిగుమతి సుంకం ఉండేది. స్విట్జర్లాండ్ సహా నాలుగు ఐరోపా దేశాల కూటమితో భారత్ 2024 మార్చిలో కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఈ సుంకం ఏడేళ్లలో దశలవారీగా పోతుంది. కంపెనీలు ఆ తగ్గింపును కొనేవారికి ఎంత అందిస్తాయో వాటి ఇష్టం. కానీ కొత్త వాచీ ధర దిగితే పాత వాచీ ధర కూడా దానితోపాటే దిగుతుంది. నాలుగేళ్లలో అమ్ముదామనుకుని ఇవాళ కొనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. దాచుకునేవాళ్లకు దీనితో పని లేదు.

2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన వాచీ కొంటే అమ్మేవాడు ఒక శాతం పన్ను అదనంగా వసూలు చేస్తున్నాడు. రిటర్నులో చూపితే ఆ మొత్తం మన పన్నులో సర్దుబాటవుతుంది. అమ్మకం లాభం సంగతి వేరు. సొంత వాడకం వస్తువుల మీద వచ్చే లాభానికి సాధారణంగా మూలధన లాభాల పన్ను పడదు, నగలకు మాత్రం ఆ మినహాయింపు లేదు. బంగారు వాచీ, రాళ్లు పొదిగిన వాచీ ఆ నగల కిందికి రావచ్చు. అదేపనిగా కొని అమ్మితే వ్యాపారం అంటారు. పెద్ద మొత్తమైతే ఆడిటర్‌ను అడగడమే మంచిది.

విదేశాలకు వెళ్లివచ్చేవారికి ఇంకో మాట. ఇక్కడ కొన్న ఖరీదైన వాచీ పెట్టుకుని దేశం దాటుతుంటే, వెళ్లేముందే విమానాశ్రయంలో కస్టమ్స్ నుంచి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి. లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు అది అక్కడ కొన్నది కాదని నిరూపించుకునే భారం మీ మీద పడుతుంది.

పిల్లలకు కావాలా?

దాచుకోవడంలో అసలు చిక్కు ఇక్కడుంది. అమ్మమ్మ బంగారు గాజులను కరిగించి ముగ్గురు మనవరాళ్లకు మూడు గొలుసులు చేయించవచ్చు. వాచీని కరిగించలేం, పంచలేం. ఇద్దరు పిల్లలుండి ఒకే వాచీ ఉంటే, అది ఒకరికి ఆనందం, ఒకరికి మనస్తాపం. పది వాచీలుండి పిల్లలకు వాటి మీద ఆసక్తి లేకపోతే మరో ఇబ్బంది. వాటి విలువ తెలియదు, కాగితాలు ఎక్కడున్నాయో తెలియదు, ఎవరికి అమ్మాలో తెలియదు. మొదట అడిగినవాడికి సగం ధరకు ఇచ్చేస్తారు. విలువ తెలిసిన మనిషి ఉండగా అమ్మితే వచ్చే ధర ఆయన పోయాక రాదు.

కనుక పిల్లలకు ఇవ్వాలనుకున్నది ఏదో ముందే చెప్పాలి. వీలునామాలో ఫలానా వాచీ ఫలానావారికి అని రాయాలి. అంతకన్నా మేలు, బతికుండగానే ఇవ్వడం. వాళ్ల చేతికి అది నప్పుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. నాన్నగారి పాత హెచ్‌ఎంటీ జనతాను బజారులో ఎంతకు కొంటారన్నది ప్రశ్నే కాదు. ఆయన రోజూ పొద్దున కీ ఇచ్చిన వాచీ అది. ఆ విలువ వాచీ ఖరీదుతో రాలేదు, ఏళ్ల తరబడి ఒకే చేతి మీద ఉండడంతో వచ్చింది. పెట్టెలో భద్రంగా దాచిన పదిహేను లక్షల వాచీకి ఆ బలం ఉండదు. వారసత్వంగా మిగలాలంటే వాడాలి, గీతలు పడనివ్వాలి.

తీర్పు

రెండు వాదాల్లోనూ సగం సగం నిజం ఉంది. మొదటి కొన్నేళ్లు మార్చండి, అయితే తక్కువ ధరలో, వీలైతే పాత వాచీలతో. మీకేది నప్పుతుందో తేలాక ఒకటో రెండో ఎంచుకుని అక్కడ ఆగండి. వాటికి సమయానికి సర్వీసింగ్ చేయిస్తూ, రోజూ పెట్టుకుంటూ జీవితాంతం ఉంచుకోండి. మిగతావాటికి ఒక్క ప్రశ్న చాలు: గడిచిన ఏడాదిలో దీన్ని ఎన్నిసార్లు పెట్టుకున్నాను? వేళ్ల మీద లెక్కించేంత తక్కువైతే అమ్మేయండి. ధర పెరుగుతుందని ఎదురుచూడవద్దు. అది వాచీ మీద ఇష్టం కాదు, జూదం మీద ఆశ.

అప్పు చేసి, ఈఎంఐ పెట్టి ఖరీదైన వాచీ కొనాల్సి వస్తే దాచడం, మార్చడం అన్న చర్చే అనవసరం. కొనకండి. టైము ఫోన్ కూడా చెబుతుంది.